రాయి తీశారు సరే, గొట్టం తీసేదెవరు?

మాదాపూర్: 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి ఇక్కడ సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిననాడు కంప్యూటరు కంపెనీలు వస్తాయని అందరికీ తెలుసు. వాటి వెనకనే ఇన్ని పెద్దాస్పత్రులు కూడా వస్తాయని తలచినవారు తక్కువ. నేడు మాదాపూర్ మొదలుకొని కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వరకు కంపెనీల అద్దాల మేడల నడుమ ఆస్పత్రుల మేడలు కూడా పోటీపడి లేచాయి. వాటి బోర్డులపై తరచు కనపడే మాటల్లో 'కిడ్నీ రాళ్లు' ఒకటి.

ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. ఈ ప్రాంతంలో రెండు రకాల జనం పనిచేస్తున్నారు. చల్లని గదిలో కంప్యూటరు ముందు కూర్చుని దాహమన్నదే తెలియక, నాలుగు కాఫీలతో రాత్రి డ్యూటీ గడిపేసే ఉద్యోగులు ఒకరు. ఎర్రటి ఎండలో పరంజాల మీద నిలబడి చెమటోడ్చి, నీళ్లు తాగితే మాటిమాటికీ పది అంతస్తులు దిగి రావలసి వస్తుందని గొంతు ఎండబెట్టుకునే కూలీలు మరొకరు. ఆడకూలీలకైతే మరుగు దొరకదన్న భయం అదనం. ఇద్దరికీ మూత్రం చిక్కబడుతుంది. చిక్కబడిన మూత్రంలో కాల్షియం, ఆక్సలేటు వంటి లవణాలు పలుకులుగా పేరుకుని రాయి అవుతాయి. రాయికి పేదా గొప్పా తేడా లేదు. తేడా అంతా రాయి తీసిన తర్వాతనే వస్తున్నది.

లెక్కల గొప్ప

కొన్నేళ్లుగా పత్రికలలో ఈ రాళ్ల వార్తలు పదేపదే కనపడుతున్నాయి. 2021 డిసెంబరులో కూకట్‌పల్లిలోని ప్రీతి యూరాలజీ ఆస్పత్రి వైద్యులు కర్ణాటకనుంచి వచ్చిన ఒక రోగి కిడ్నీ నుంచి 156 రాళ్లు తీశారు. 2022 మే నెలలో ఎల్.బి.నగర్‌లోని అవేర్ గ్లెనీగల్స్ గ్లోబల్ ఆస్పత్రిలో నల్లగొండ నుంచి వచ్చిన రోగికి చిన్న రంధ్రం ద్వారా 206 రాళ్లు తీశారు. 2024 మార్చిలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నెఫ్రాలజీ అండ్ యూరాలజీ వైద్యులు 60 ఏళ్ల రోగికి ఏకంగా 418 రాళ్లు తీసినట్లు ప్రకటించారు.

వైద్యుల నైపుణ్యాన్ని శంకించవలసిన పని లేదు. కాని చదివినవాడు 418 అన్న అంకెను గుర్తుపెట్టుకుని అసలు అంకెను మరచిపోతున్నాడు. ఆ రోగికి అప్పటికి మూత్రపిండాల పనితీరు 27 శాతమే మిగిలివున్నది. అదీ వార్త! అక్కడివరకు ఎందుకు రానిచ్చారు, ఎవరు రానిచ్చారు అన్నది విచారించవలసిన విషయం. నల్లగొండ రోగి సంగతీ అంతే. స్థానికంగా ఇచ్చిన మందులతో అప్పటికప్పుడు నొప్పి తగ్గించుకుంటూ ఆరు నెలలకు పైగా బాధ అనుభవించిన తర్వాతనే నగరానికి రాగలిగాడని నాటి వార్తలలో వచ్చింది. రాళ్ల సంఖ్యకూ ప్రమాదానికీ పెద్దగా సంబంధం లేదు. మూత్రనాళంలో అడ్డంపడిన ఒక్క శనగగింజంత రాయి, నొప్పి లేకుండా ఊరుకున్నప్పటికీ, నెలల తరబడి వుంటే పై కిడ్నీని పనికిరాకుండా చేయగలదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది రాయితోపాటు చలి జ్వరం రావడం. అడ్డుపడిన చోట చీము చేరిందంటే అది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అటువంటి రోగికి వైద్యులు వెంటనే రాయి తీయరు. ముందు ఒక గొట్టం వేసి మూత్రాన్ని కిందికి దింపి, జ్వరం తగ్గిన తర్వాత, కొద్ది వారాలకు, రాయి పని చూస్తారు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో ముందు పని వున్నది.

జానెడు కోత నుంచి పెన్సిలంత రంధ్రానికి

ఈ విద్య నిన్నటిది కాదు. మూత్రాశయంలోని రాయిని కోసి తీయడం గురించి సుశ్రుతుడు వివరంగా రాశాడు. చేయకపోతే చావు తప్పదు, చేసినా ఫలితం అనుమానమే, కనుక పెద్దను అడిగి అనుమతి పొందిన తర్వాతనే కత్తి పట్టాలన్నది ఆయన పెట్టిన నిబంధన. రోగి తరఫువారికి ముందుగా చెప్పాలన్న మర్యాద అంత పాతది.

ఇక మొన్నమొన్నటి వరకు కిడ్నీ రాయి అంటే పక్కటెముకల కింద జానెడు కోత. మనిషి తిరిగి నాగలి పట్టడానికి రెండు మూడు నెలలు. పల్లెల్లో కొందరు వృద్ధులు చొక్కా పైకెత్తి ఆ మచ్చ ఇప్పటికీ చూపిస్తారు. 1976లో స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, యొహాన్సన్ వీపునుంచి కిడ్నీలోకి సన్నని దారి చేసి, ఆ దారిన రాయిని బయటికి తీసి చూపించారు. దీనినే నేడు పి.సి.ఎన్.ఎల్. అంటున్నారు. ఆ దారి ఒక సెంటీమీటరు కూడా వుండదు. ఇప్పుడు అందులోనూ సగం వెడల్పుతో చేస్తున్నారు.

నాలుగేళ్లకు, 1980 ఫిబ్రవరిలో, జర్మనీలోని మ్యూనిక్‌లో డాక్టర్ చౌసీ బృందం అసలు కోతే లేకుండా ఒక రోగి రాయిని బయటినుంచి తరంగాలతో పగలగొట్టింది. ఆ యంత్రం చేసిన డోర్నియర్ విమానాల కంపెనీ. ధ్వనికంటె వేగంగా పోయే విమానానికి వానచినుకు తగిలితే లోపలి లోహం ఎట్లా దెబ్బతింటున్నదో పరిశోధిస్తూ, ఆ విద్యను రాళ్లమీదికి మళ్లించారు. వానచినుకునుంచి వైద్యం పుట్టిందన్నమాట.

మూడవది కిందినుంచి పోయే మార్గం. మూత్రద్వారంగుండా సన్నని దుర్బిణి గొట్టాన్ని మూత్రాశయానికి, అక్కడినుంచి మూత్రనాళంలోకి పంపి రాయిని పగలగొడతారు. మూత్రనాళం పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు. వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లే. అంత ఇరుకులో పనిచేయడం సామాన్యం కాదు. వంగే గొట్టాలు వచ్చిన తర్వాత కిడ్నీ లోపలి మూలలకు కూడా పోగలుగుతున్నారు.

ఎవరికి ఏది అన్నది రాయి పరిమాణం, వున్న చోటు, గట్టిదనం, రోగి వొంటి స్థితిని బట్టి నిర్ణయిస్తారు. ఐదు మిల్లీమీటర్ల లోపు రాయి చాలామందికి దానంతట అదే పడిపోతుంది. దానికి ఆపరేషను తొందర పనికిరాదు. కిడ్నీలో రెండు సెంటీమీటర్లు మించిన రాయికి, జింక కొమ్మువలె కొమ్మలు వేసిన రాయికి సాధారణంగా వీపు దారే మేలంటారు. అందులో రక్తస్రావం భయం ఎక్కువ. తరంగాల పద్ధతిలో కోత లేదు గాని, గట్టి రాయి పగలకపోవచ్చు, పగిలిన ముక్కలు దారిలో గుంపుగా చిక్కుకోవచ్చు, రెండు మూడు సార్లు రావలసి వుండవచ్చు. గర్భిణులకు, రక్తం గడ్డకట్టని జబ్బువారికి అది పనికిరాదు. యూరిక్ యాసిడ్ రాళ్లయితే చాలావరకు మందులతోనే కరిగించవచ్చు.

ఇవన్నీ తెలియని రోగి మాత్రం "లేజర్ చేయండి" అని అడుగుతున్నాడు. బోర్డులు అతనికి నేర్పిన మాట అది. లేజర్ ఒక పద్ధతి కాదు, రాయిని పగలగొట్టే పనిముట్టు మాత్రమే. కిందినుంచి పోయినా, వీపునుంచి పోయినా దానిని వాడవచ్చు. సమ్మెట పేరు చెప్పి ఇల్లు కట్టించుకున్నట్లుంది ఈ వ్యవహారం.

లోపల మిగిలిపోయేది

ఇంతకూ చెప్పదలచిన విషయం వేరే వున్నది. కిందినుంచి చేసినా, వీపునుంచి చేసినా చాలామంది రోగులకు చివరన డి.జె. స్టెంట్ అనే మెత్తని గొట్టాన్ని కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా వేసి పంపుతారు. రెండు కొనలు ఇంగ్లీషు జె అక్షరంలా వంగివుంటాయి కనుక ఆ పేరు. అమెరికా వైద్యుడు ఫిన్నీ 1978లో దీనిని వెలుగులోకి తెచ్చాడు. ఆపరేషను తర్వాత నాళం వాచినా, రాతిపొడి అడ్డుపడినా మూత్రం ఆగకుండా ఇది కాపాడుతుంది. సులువుగా జరిగిన ఆపరేషనులో వేయకపోయినా నష్టం లేదు. వేయవలసిన చోట ఇది ప్రాణదాత అనడంలో సందేహం లేదు.

అయితే ఇది కొద్ది రోజుల, కొద్ది వారాల చుట్టం. కొన్ని రకాలకు గడువు ఎక్కువ వున్నప్పటికీ, మామూలుగా మూడు నెలలు దాటనివ్వరాదంటారు. దాటితే ఆ గొట్టం మీదనే లవణాలు పేరుకుని కొత్త రాళ్లు కడతాయి. గొట్టం పెళుసుబారి లోపలే విరిగిపోవచ్చు. మూత్రం ఆగి, చీముపట్టి, కిడ్నీయే పోవచ్చు. సమయానికి వస్తే మత్తు జెల్లీ పూసి అయిదు పది నిమిషాలలో లాగివేసే దానికి, ఏళ్లు గడిచిన తర్వాత వస్తే ఒకటికి రెండు మూడు ఆపరేషనులు కావలసివస్తాయి. మరచిపోయిన స్టెంట్లు మూత్రవ్యాధుల వైద్యులకు కొత్త కాదు. వారి వైద్య పత్రికల నిండా అటువంటి కేసులు వున్నాయి.

లోపల గొట్టం పెట్టుకుని మరచిపోవడమేమిటని చదువుకున్నవారు నవ్వవచ్చు. నారాయణపేటనుంచి నానక్‌రాంగూడ పనికి వచ్చిన ఒక మేస్త్రీని ఊహించుకుంటే సంగతి బోధపడుతుంది. విపరీతమైన పోటుతో వచ్చాడు, ఆపరేషను అయింది, పోటు పోయింది. చేతికిచ్చిన డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో వున్నది. అందులో ఎనిమిదో తొమ్మిదో వరుసలో 'డి.జె. స్టెంట్ ఇన్ సైటు' అని వున్నది. ఆ మాట అతనికి అర్థమయ్యే అవకాశం ఎంత? వార్డులో నర్సు నోటితో చెప్పే వుండవచ్చు. మత్తు పూర్తిగా దిగని మనిషికి చెప్పిన మాట నిలుస్తుందా? ఆస్పత్రిలో రాయించిన ఫోను నంబరు గుత్తేదారుది. నెల తిరిగేసరికి ఆ కట్టడం ముగిసి మేస్త్రీ పుణేలోనో బెంగుళూరులోనో వుంటాడు.

ఇక ఆ గొట్టం వల్ల మాటిమాటికీ మూత్రం వస్తుంది, మంట పుడుతుంది, ఒక్కొక్కసారి ఎర్రగా పోతుంది. మన పల్లెల్లో దీనికంతటికీ ఒకే పేరు: వేడి చేసింది. సబ్జా గింజలు నానబెట్టి తాగుతారు, మజ్జిగ తాగుతారు, పొట్టమీద తడిగుడ్డ వేసుకుంటారు. గొట్టం అరుస్తున్నదని ఎవరికీ తోచదు.

అందరికంటె ఎక్కువగా నష్టపోయేవారు పైన చెప్పిన జ్వరం కేసులవారు. వారికి గొట్టం మాత్రమే వేశారు, రాయి ఇంకా లోపలే వున్నది. కాని జ్వరం పోయింది, నొప్పి పోయింది, ఇంటికి పంపారు. "ఆపరేషను అయిపోయింది" అనే వారు ఊళ్లో చెప్పుకుంటారు. రాయీ గొట్టమూ రెండూ లోపల పెట్టుకుని మళ్లీ రాకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఎవరి పని?

అదే మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈ బాధ లేదు. ఇన్సూరెన్సు వున్నది, కాగితం చదువుకోగలడు, తేదీ ఫోనులో పెట్టుకుంటాడు. దేశాంతరంలో ఒక బ్యాంకు కంతు ఒక్క రోజు ఆలస్యమైతే ఖాతాదారుకు గుర్తుచేసే ప్రోగ్రాములు రాస్తున్నది ఈ మేడల్లోనే. ఆ మేడలు కట్టిన మనిషికి "నీ లోపల గొట్టం వున్నది, ఫలానా తేదీకి రా" అని తెలుగులో ఒక ఫోను వెళ్లే ఏర్పాటు ఏపాటి పని? అటువంటి ఏర్పాటు చేసుకున్న ఆస్పత్రులు వుండవచ్చు. ప్రతి ఆస్పత్రికీ అది తప్పనిసరి కాకపోవడమే శోచనీయం. విదేశాలలో ఈ స్టెంట్లకు ప్రత్యేక రిజిస్టర్లు పెట్టి, గడువు దాటినవారిని వెతికి పిలిపిస్తున్నారు.

ఆరోగ్యశ్రీలో ఇది మరింత సులువు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం రాళ్ల ఆపరేషనులను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. దానికి ముందు కిడ్నీ రాయి అంటే ఎకరమో అరెకరమో తాకట్టు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. ప్రతి కేసుకూ ముందు అనుమతి, తర్వాత బిల్లు రెండూ కంప్యూటరులోనే నడుస్తాయి. ఎవరికి ఏ ఆపరేషను, ఏ తేదీన జరిగిందో ట్రస్టు దగ్గర వున్నది. గొట్టం వేసిన తేదీకి పక్కన తీసిన తేదీకి ఒక గడి పెట్టి, అది ఖాళీగా వున్నవారి పేర్లు నెలనెలా ఆయా గ్రామాల ఆశా కార్యకర్తలకు పంపితే చాలు. ఫోను నంబరు మారినా ఊరు మారదు. తల్లో భార్యో ఊళ్లో వుంటారు. వారి ద్వారా కబురు అందుతుంది.

గొట్టం తీసేవరకు ఆస్పత్రికి బిల్లులో కొంత ఆపాలని అనేవారు కొందరుంటారు. వినడానికి బాగున్నప్పటికీ ఇది పనికివచ్చే సలహా కాదు. బకాయిలు రాలేదని నెట్‌వర్కు ఆస్పత్రులు 2025లో ఆరోగ్యశ్రీ సేవలనే నిలిపివేసిన సంగతి తెలిసిందే. డబ్బు సమయానికి రాని చోట మరో కోత పెడితే కూలివాడిని గుమ్మంలోనే తిప్పిపంపుతారు. పైగా సేవలు నిలిచిన రోజుల్లోనే ఒక రోగికి గొట్టం గడువు పడితే అతడు ఎక్కడికి పోవాలి?

కనుక గొట్టం తీసే పని రోగి వుండే జిల్లాకే రావాలి. తెలంగాణలో దాదాపు ప్రతి జిల్లాకూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. మూత్రాశయంలోకి చూసే దుర్బిణి ఒకటి, దానిని వాడడం నేర్చిన వైద్యుడు ఒకరు వుంటే వారానికి ఒక రోజు ఈ పని చేయవచ్చు. మహబూబ్‌నగర్ నుంచి నగరానికి సుమారు వంద కిలోమీటర్లు. అయిదు నిమిషాల పనికి రోగి, తోడు మనిషి ఇద్దరికీ ఒక రోజు కూలి, చార్జీలు పోతాయి. వారు వాయిదా వేస్తున్నారంటే నిర్లక్ష్యమని తిట్టేముందు ఈ లెక్క వేసి చూడాలి. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆస్పత్రులలో రాళ్ల ఆపరేషనులు జరుగుతున్నాయి గాని, ఆ వరుసల్లో గొట్టం తీయించుకునేవారిని కూడా నిలబెడితే ఆపరేషను కావలసినవారి వంతు మరింత వెనక్కి పోతుంది.

చెప్పినా రోగులు రావడం లేదని వైద్యులు అంటారు. అందులో నిజం లేకపోలేదు. నొప్పి పోయిన తర్వాత ఆస్పత్రి ముఖం చూడకపోవడం మనవారి అలవాటే. అయితే నోటిమాటతో సరిపెట్టకుండా, గొట్టం వేసినరోజునే అరచేతిలో పట్టే ఒక పసుపు చీటీ, తెలుగులోను ఉర్దూలోను, బీహారు, ఒడిశా కూలీలకు హిందీలోను అచ్చువేసి ఇస్తే అప్పుడు తప్పు ఎవరిదో తేలుతుంది. చీటీలో మూడే ముక్కలుండాలి. నీ లోపల గొట్టం వున్నది. దీనిని ఈ తేదీలోగా తీయాలి. రాయి పూర్తిగా పోయింది లేక ఇంకా వున్నది.

తీసిన రాయి ముక్కను పరీక్షకు పంపడం మరొక విషయం. ఏ రకపు రాయో తెలిస్తేనే మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పగలరు. చాలామంది రోగులు ఆ ముక్కను సీసాలో వేసుకుని ఇంటికి తెచ్చి చుట్టాలకు చూపిస్తారు. ఒకసారి రాయి వచ్చినవారిలో సుమారు సగం మందికి పదేళ్లలో మళ్లీ వస్తుందని అంచనా. రోజుకు రెండు రెండున్నర లీటర్ల మూత్రం పోయేటంత నీరు తాగాలి, ఉప్పు తగ్గించాలి. పాలు, పెరుగు మానవలసిన పని లేదు. కొండపిండి కూర, ఉలవ కట్టు, అరటిదవ్వ రసం తిన్నా తాగినా దోషం లేదు గాని, వాటిని నమ్ముకుని రెండు సెంటీమీటర్ల రాయితో ఏడాది గడిపితే ఎవరూ కాపాడలేరు. గొట్టం విషయంలో అయితే ఏ కూరా పనిచేయదు.

ఈ జిల్లాలో గత రెండు మూడేళ్లలో రాళ్ల ఆపరేషను చేయించుకున్నవారు పెట్టె అడుగున దాచిన డిశ్చార్జి కాగితాన్ని ఒకసారి బయటికి తీసి, చదువుకున్న పిల్లలచేత 'స్టెంట్' అన్న మాట వున్నదేమో చూపించుకోవాలి. తీయించుకున్నట్లు జ్ఞాపకం లేకపోతే దగ్గరి ప్రభుత్వాస్పత్రిలో పొట్టకు మామూలు ఎక్స్‌రే తీయించినా చాలు. గొట్టం వుంటే అందులో తెల్లని గీతలా, రెండు కొనలు వంగి, స్పష్టంగా కనపడుతుంది.